ఘాట్ దిగుతుంటే వేడెక్కే బండి

మా ఐలేశం బావ బండి వేడెక్కుతుంది.

అందరి బండ్లూ వేడెక్కుతాయి, అందులో వింతేముందని మీరు అడగవచ్చు. నిజమే, పెట్రోలు మండే చోట చలి పుట్టదు. కానీ మా బావ బండి వేడెక్కినట్టు ఈ భూమ్మీద ఇంకే బండీ వేడెక్కదు. ఎక్కుడులో వేడెక్కుతుంది. చదునులో వేడెక్కుతుంది. చివరికి మన్ననూరు దాటి అచ్చంపేట వైపు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు, ఇంజనుకు ఏ పనీ లేక బండి దానంతటది జారిపోతున్నప్పుడు కూడా వేడెక్కుతుంది. ఎండాకాలమంటే సరే. కార్తీకమాసం పొద్దుటిపూట వెనక కూర్చున్న మనిషి గొంగడి కప్పుకుని గజగజా వణుకుతుంటే, ముందున్న మా బావ టక్కున బ్రేకు వేసి, "ఇంజన్ గరమైంది. జర సల్లారనీ" అంటాడు.

ఆపడానికి ఒక తంతు ఉంది. ముందు వెనక కూర్చున్నవాళ్ళను మర్యాదగా దింపుతాడు. బండిని నీడకు తోస్తాడు. తలకు చుట్టిన రుమాలు విప్పి దులిపి భుజాన వేసుకుని, ఇంజను పక్కన గొంతుక్కూర్చుంటాడు. వేలు నాలుక మీద తడి చేసుకుని ఇంజనుకు ఆనిస్తాడు. అది 'సుయ్'మంటే తల ఊపుతాడు. 'సుయ్'మనకపోయినా తల ఊపుతాడు.

"చప్పుడే రాలేదు గదా బావా?" అని ఒకసారి అడిగాను.

"పైకి కనవడది బామ్మర్దీ. లోపటి వేడి," అన్నాడు, పశువుల డాక్టరు ఎద్దు జబ్బు చెప్పినంత గంభీరంగా.

ఒకసారి ఘాట్ మధ్యలో 'పులులు తిరిగే ప్రాంతం, వాహనాలు ఆపరాదు' అని రాసిన బోర్డు ఉంటే, సరిగ్గా దాని కిందే ఆపాడట. అటుగా వచ్చిన ఫారెస్టు గార్డు గుడ్లురిమాడు.

"ఏం కాకా, సదువు రాదా? బోర్డు కనవడ్తలేదా?"

"నాకు సదువొస్తది సారూ. బండికి రాదు."

"పులొస్తె ఏం చేస్తవ్?"

"వచ్చి గీ ఇంజన్ మీద మూతి పెట్టి సూడుమను. ఎంత గరముందో దానికే తెలుస్తది."

గార్డు నవ్వు ఆపుకోలేక, నవ్వితే ఉద్యోగం చులకనవుతుందని ముఖం తిప్పుకుని వెళ్ళిపోయాడట.

ఇదంతా వినడానికి బాగానే ఉంటుంది. నా ఇబ్బంది ఏమిటంటే, ఆ బండి నేనిచ్చింది.

నాకు పాలమూరులో ఫోటో స్టూడియో ఉంది. ఐలేశం బావ మా అక్క నాగరాణి భర్త. అమ్రాబాద్ అవతల ఒక ఊళ్ళో ఆయనకు గొర్లూ మేకలూ, కొంచెం చెలక భూమీ ఉన్నాయి. నేను కొత్త బండి కొనుక్కున్నప్పుడు పాతదాన్ని బావకిచ్చాను. ఇచ్చినవాణ్ణి ఊరుకోవచ్చు కదా! నలుగురు పెద్దమనుషుల ముందు బండి సీటు మీద చరిచి, "గిది బండి కాదు బావా, గుర్రం. శ్రీశైలం దాక ఆగకుంట పోతది" అన్నాను. ఆ మాటే తర్వాత నా మెడకు చుట్టుకుంది. ఆ చుట్టుపక్కల ఏ పెళ్ళికి కెమెరా పట్టుకుని పోయినా ఒకటే పలకరింపు.

"సురేశంటె నువ్వేనా? బావకు గరమయ్యే బండి అంటగట్టినోనివి?"

ఒక పెళ్ళికూతురి తండ్రయితే ఫోటోలు మాట్లాడుకోవడానికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి అడిగాడు. "తమ్మీ, ఏమనుకోకు. నీ కెమెరా మంచిదే గదా? తలంబ్రాల కాడ గరమై ఆగదు గదా?"

అక్కను అడిగితే ఏమైనా తెలుస్తుందేమో అనుకున్నాను.

"నాకేమెరుక?" అంది అక్క. "నేను బస్సుకే పోత. ఆయన బండెక్కితె, పెండ్లికని బయలెల్లి పదారొద్దుల పండుగకు అందుతం."

అందుచేత ఆ వెనక సీటు మీద శాశ్వతంగా కూర్చునే మనిషి ఒక్కరే. బావకు పెద్దక్క, నాకు వదినె వరసయ్యే గోపమ్మ.

గోపమ్మ వదినె గొర్ల బేరం చేస్తుంది. ఆమె అచ్చంపేట అంగడిలో అడుగు పెడితే దళారులు బీడీలు ఆర్పేస్తారు. గొర్రె నడుము మీద చెయ్యి వేసి ఒక్క నొక్కు నొక్కిందంటే దాని ఆరోగ్యం, వయసు, అమ్మేవాడి అబద్ధం, మూడూ ఆమె చేతికి తెలిసిపోతాయి. జబ్బు అన్న మాట మాత్రం ఆమెకు పడదు. "రోగాలు పనిలేనోళ్ల ముచ్చట" అంటుంది. ఊళ్ళో ఎవరైనా ఒళ్ళు నొప్పులంటే తన మోకాలు ఫెళ్ళున చరిచి, "నన్ను సూడు, గుండ్రాయి లెక్కున్న" అని చూపిస్తుంది. దవాఖానకు పోవడం ఆమె దృష్టిలో పోలీసు స్టేషనుకు పోవడం కంటే పెద్ద నామోషి.

బండి ఆగినప్పుడల్లా ఆమె నోరు మొదలయ్యేది.

"ఓరి ఐలేశా! మళ్ల ఆగిందా? గీ ఇనుప ముక్కకు గింత సోకా? మా తాతల కాడి నుంచి మన గొర్లు గీ అడివంత నడిసినయి. ఒక్క గొర్రెన్న 'నేను గరమైన' అన్నదా?"

"గొర్రెకు ఇంజనుండదక్కా."

"నీకు బుర్రుండదు. గా ఫోటోల పిలగాడు మంచి బండే ఇచ్చిండు పో!"

తిడుతూనే దిగేది, తిడుతూనే రోడ్డు పక్కన అటూ ఇటూ తిరిగేది. తిట్లన్నీ అయిపోయాక "ఇగ సాలు, నడువు" అనేది. చిత్రమేమిటంటే ఇంజను కూడా సరిగ్గా అప్పుడే చల్లారేది.

తిట్లలో నా వాటా రోజురోజుకూ పెరుగుతుంటే సహించలేక, బావనూ బండినీ కలిపి అచ్చంపేటలో నరేశ్ మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను.

నరేశ్ నెమ్మదస్తుడు. "గరమైతె నాలుగు దిక్కుల సూడాలె అన్నా" అంటూ మొదలుపెట్టాడు. మా పాత బండి ఇంజనుకు నీళ్ళు లేవు, ఫ్యాను లేదు. ఎదురుగాలే దానికి మందు. ఇంజను చుట్టూ ఉండే రెక్కల సందుల్లో బురద పట్టి గాలి ఆడకపోతే వేడి లోపలే మగ్గిపోతుంది. నరేశ్ వంగి రెక్కలు చూసి, లేచి మా బావను చూశాడు.

"గింత సాఫ్‌గ ఎట్లున్నయి కాకా?"

"రోజు యాప పుల్లతోని తోముత," అన్నాడు బావ.

తర్వాత ఆయిల్ చూశాడు. అది గీత దగ్గరికి నిండుగా, తేనె రంగులో ఉంది. ప్లగ్గు విప్పాడు. దాని మూతి తెల్లబడితే పెట్రోలు సరిగా అందడం లేదని, ఇంజను ఉడుకుతోందని అర్థమట. ఇది చక్కగా బిస్కెట్ రంగులో ఉంది. బ్రేకు పట్టేస్తోందేమోనని చక్రం లేపి తిప్పాడు. అది ఆగమన్నా ఆగకుండా తిరిగింది. చైను బిగుతూ సరిగానే ఉంది. ఆఖరికి తనే బండెక్కి ఊరవతలి దాకా తోలుకుపోయి వచ్చాడు.

"గరమైతె ఇంజన్ గుంజదు, లోపల టకటక కొడ్తది, కాలిన వాసనొస్తది. దీనికేది లేదు. నడిసిన ఇంజన్‌కు వేడుంటది కాకా, మనిషి ఒంటికి ఉన్నట్టు. అది జరం కాదు."

నా గుండె నిండిపోయింది. కానీ మా బావ ముఖం వాడిపోయింది.

"అంటె ఇగ గరం కాదా?"

"కాదు కాకా."

"దిగుట్ల?"

"దిగుట్ల అసలే కాదు. ఇంజన్‌కు పనే ఉండది గదా."

"పనిలేకుంటె మనిషి తలకాయ గరమైతలేదా?"

"కాకా, అది మనిషి. గిది బండి."

"జర... ఎప్పుడన్న ఒక్కపారి?" అన్నాడు బావ, డాక్టరు దగ్గర ఆశ చావని మనిషిలా.

నరేశ్ నన్ను పక్కకు పిలిచి, "అన్నా, మీ బావకు బండి బాగుండుడు ఇష్టం లేనట్టున్నది" అన్నాడు.

మళ్ళీ అంగడి వచ్చింది. మళ్ళీ బండి వేడెక్కింది.

దాంతో నాకు పంతం వచ్చింది. నా కొత్త బండి తాళాలు బావ చేతిలో పెట్టాను. అది నీళ్ళతో చల్లబడే రకం. కూలెంటు అనే మందు నీళ్ళు ఇంజను చుట్టూ తిరిగి వేడి లాగేసుకుని, ముందున్న రేడియేటర్‌లోకి వచ్చి చల్లారి, మళ్ళీ లోపలికి పోతాయి. ఇంకా వేడి మిగిలితే ఫ్యాను దానంతటదే తిరుగుతుంది. ఎంత వేడి ఉందో చెప్పడానికి హ్యాండిల్ దగ్గర ముల్లు కూడా ఉంది. ఇదంతా ఓపిగ్గా చెప్పాను. బావ శ్రద్ధగా విన్నాడు.

"నీళ్లు ఊకె తిరుగుతనే ఉంటయా?"

"తిరుగుతనే ఉంటయి బావా."

"తిరిగి తిరిగి అలిసిపోవా?"

"నీళ్లెట్ల అలుస్తయి?"

"పాపం," అన్నాడు బావ, రేడియేటర్ మీద చెయ్యి వేసి.

ఆ అంగడికి నా కొత్త బండి మీద పోయి, పాత బండి ఆగిన చోటల్లా ఆగుతూ వచ్చాడు.

"ముల్లు సగం గూడ లేవలేదు గదా బావా?"

"ముల్లు సిన్నది. ఇంజన్ పెద్దది. పెద్దోళ్ల బాధ సిన్నోళ్లకేమెరుక?"

ఇక బావకే ఏదో జబ్బు ఉందని ఖాయం చేసుకున్నాను. అప్పుడే ఒకరోజు, బావ దగ్గరే ఉండిపోయిన నా కొత్త బండి తెచ్చుకుందామని బస్సులో అక్క వాళ్ళింటికి పోతున్నాను. మిట్టమధ్యాహ్నం, బండలు పగిలే ఎండ. బస్సు ఘాట్ ఎక్కలేక మూలుగుతుంటే వెనక నుంచి ఒకటే హారను. మలుపు దాటగానే ఒక బండి బస్సును దాటుకుని రివ్వున పైకి పోయింది. చూస్తే మా పాత బండి! దాని మీద మా బావ, ఒక్కడే, తల రుమాలు జెండాలా ఎగురుతుంటే ఈల వేసుకుంటూ పోతున్నాడు. పులుల బోర్డు దగ్గర ఆగలేదు. ఎక్కడా ఆగలేదు. నేను ఇల్లు చేరేసరికి అన్నం తిని మంచం మీద పడుకుని ఉన్నాడు.

"ఇయ్యాల గరం కాలేదా బావా?"

"ఎండ లేకుండె గదా," అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

ఇలాంటి మనిషిని చేతికి చిక్కించుకోవాల్సిందే అనుకున్నాను. ఆ వారం అంగడికి గోపమ్మ వదినె, బావ బయలుదేరితే, ఫోటోలు తీసుకోవాలన్న సాకుతో నా కొత్త బండి మీద వాళ్ళ వెనకే బయలుదేరాను.

ఘాట్ దిగడం మొదలైంది. చల్లటి పొద్దుటిపూట. మొదటి మలుపు దాటగానే బావ టక్కున ఆపాడు. రుమాలు విప్పబోతుంటే నేను దూకినట్టుగా దిగి ఇంజను దగ్గర చెవి పెట్టాను. ముక్కు పెట్టాను. ఆ తర్వాత కోర్టులో వకీలులా నిటారుగా నిలబడ్డాను.

"టకటక లేదు. కాలిన వాసన లేదు. గుంజుడు తగ్గలేదు. బావా, నీ ఇంజన్ సల్లగున్నది!"

గోపమ్మ వదినె అప్పుడే ఒక కాలు కింద పెట్టింది. "సల్లగున్నదా?" అంది.

"మంచు లెక్కున్నది వదినె!"

"మరి గెందుకాపినవురా? నడువు!"

బావ నన్నొక చూపు చూశాడు. కోపం కాదు. చెలకలో గింజలు చల్లుతుంటే వెనకాల ఏరుకు తినే కోడిని చూసినట్టు చూశాడు. బండి స్టార్ట్ చేశాడు.

వదినె మళ్ళీ బండెక్కింది. ఆ ఎక్కడం నేను చూశాను. కుడిచేత్తో తమ్ముడి భుజం పట్టుకుని, ఎడమచేత్తో చీర కుచ్చిళ్ళు సవరిస్తున్నట్టు మోకాలి కింద చెయ్యి వేసి, తన కాలును తనే ఎత్తి పెట్టుకుంది. ఎవరైనా చూశారా అని ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది. నేను కెమెరా సంచి సర్దుకుంటున్నట్టు నటించాను. ఫోటో తీసేవాడికి ముఖాలు తెలుస్తాయి. నొప్పిని పళ్ళ కింద నొక్కిపెట్టి నవ్వే ముఖాలు ఎన్ని చూశానో!

వాళ్ళ వెనకే పోతుంటే కళ్ళు తెరుచుకున్నాయి. గుంత వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి సీటు కడ్డీని బిగించి పట్టుకుంటోంది. కాసేపటికోసారి పాదం గాల్లోకి చాపి మళ్ళీ పెట్టుకుంటోంది. బావ తను మామూలుగా ఆపే చెట్టు దగ్గర బండి నెమ్మది చేశాడు, అద్దంలో నన్ను చూశాడు, ఆపలేక ముందుకు పోయాడు. పులుల బోర్డు దగ్గర అంతే. చింతచెట్టు దగ్గర అంతే. నేను మంచులా చల్లార్చిన ఇంజను, ఇక ఎట్లా వేడెక్కుతుంది?

ముందేమో అంగడి. అందులో లింగయ్య అనే దళారి ఉన్నాడు. "గోపమ్మకు వయసైంది, చెయ్యి వణుకుతాంది" అని ఊరూరా చెప్పుకు తిరుగుతున్నవాడు. వాడి కళ్ళ ముందు ఆమె బండి దిగలేక ఊత కోసం వెతుక్కుందంటే అంతే సంగతులు. అంగడిలో గొర్రె కుంటినా మనిషి కుంటినా ఒకటే, విలువ పడిపోతుంది.

అచ్చంపేట పొలిమేర కనిపించింది. నేను బండిని ఉరికించి వాళ్ళను దాటి, అడ్డంగా నిలిపి, గొంతు చించుకుని అరిచాను.

"బావా, ఆపు! పొగ! ఇంజన్ల నుంచి పొగ!"

బావ ఉలిక్కిపడి ఆపాడు. "ఏది?" అన్నాడు అమాయకంగా.

"పొగ గిప్పుడే ఆగింది! శానా గరమైంది బావా!"

వదినె నా మీద విరుచుకుపడింది. "పైన మంచన్నవు, కింద పొగంటున్నవు! ఫోటోలు తీసుకో పిలగా, బండ్ల జోలికి రాకు!"

అంగడికి పోయేవాళ్ళు చుట్టూ నిలబడి చూస్తున్నారు. నేను చెవులు పట్టుకున్నాను. "తప్పైంది వదినె. బావ మొదటి నుంచి చెప్పిందే నిజం. నేనిచ్చిన బండే బేకార్ బండి."

ఎన్నో పెళ్ళిళ్ళలో కాపాడుకుంటూ వచ్చిన నా ఇజ్జత్‌ను నడిరోడ్డు మీద నా నోటితో నేనే తీసుకున్నాను. వదినె తిడుతూ దిగింది. తిడుతూ రోడ్డు పక్కన పాతిన రాతికడీ పట్టుకుని నిలబడింది. తర్వాత నాలుగడుగులు వేసింది. ఇంకో నాలుగు. అడుగు కుదురుకున్నకొద్దీ తిట్టు కూడా స్పష్టంగా వస్తోంది.

మేమిద్దరం ఇంజను పక్కన గొంతుక్కూర్చున్నాం.

"ఎన్నాళ్ల సంది బావా?" అన్నాను మెల్లగా.

"శాన్నాళ్లాయె. ఊకె కూసుంటె మోకాళ్లు పట్టేస్తయి. ఆటో మాట్లాడ్త అంటె 'నేనేమన్న పేషెంటునా' అన్నది. దవాఖాన మాటెత్తితె నాతోని మాట్లాడుడే బంద్ పెట్టింది. ఆపమని నోరు తెరిసి అడగది. అందుకే బండి గరమైతాంది."

"నాకు చెప్పొచ్చు గదా?"

"చెప్తె నీ మొఖంల కనవడ్తది. అక్క గొర్రె పండ్లు సూసినట్టు మొఖాలు సూస్తది."

"నా ఇజ్జత్ తీస్తివి గదా బావా!"

"నీకేం ఫికర్? పడుసుపిలగానివి. మళ్ల మొలుస్తది."

నాకు నవ్వొచ్చింది. బావ వేలు తడి చేసుకుని ఇంజనుకు ఆనించాడు, వదినె చూస్తోందని.

"నా సిన్నప్పుడు అక్క నన్ను మందెంట అడివికి తోలుకపోయేది. నేను నడవలేక ఎనకవడేటోణ్ని. అడిగెటందుకు నాకు నామోషి. గప్పుడు అక్క ఏమనేదో ఎరుకనా? 'గొర్లు అలిసినయిరా, జర కూసుందం' అనేది. గొర్లేమో దునుకుతుండేటియి." బావ రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. "గొర్లు అలవలేదని నేనెన్నడన్న అన్ననా?"

ఆ రోజు గోపమ్మ వదినె అంగడిలోకి మహారాణిలా నడిచింది. బీడీలు ఆరిపోయాయి. లింగయ్య అప్పటికే ఖాయం చేసుకున్నాననుకున్న పొట్టేళ్ళ మందలో చెయ్యి పెట్టి, ఒక్కో నడుమూ నొక్కి, రెండింటికి దగ్గుందని పక్కకు తీయించి, మిగతావి వాడి కళ్ళెదుటే బేరం చేసి ట్రాలీ ఎక్కించింది. లింగయ్య తనే ఆమెకు చాయ్ తెప్పించాడు.

తిరుగు ప్రయాణంలో చిక్కొచ్చి పడింది. వదినె బావ బండి వైపు పోకుండా నా బండి దగ్గరికి వచ్చింది.

"వాని బండి నేనెక్క. నీదేందో నీళ్ల బండంట గదా. ఎన్నడు గరం కాదని అందరికి చెప్పుకుంటవు. సూద్దం పా."

నేను బావను చూశాను. బావ ఆకాశాన్ని చూశాడు.

ఊరు దాటాం. ఘాట్ మొదలైంది. అద్దంలో చూస్తే వెనక నుంచి బావ ఆపమన్నట్టు చెయ్యి గాల్లో ఊపుతున్నాడు. సీటు కడ్డీ మీద వదినె చెయ్యి బిగుసుకుంది. ముల్లు చూశాను, కిందెక్కడో హాయిగా నిద్రపోతోంది. ఒక కల్వర్టు కనిపిస్తే ఆపేశాను.

"ఏమైంది?" అంది వదినె.

నాకు అబద్ధం అలవాటు లేదు. "వదినె, గా రేడియేటర్ల నీళ్లు..."

"ఏమైనయి?"

"అలిసినయి."

వదినె నా ముఖంలోకి చూసింది. గొర్రెను చూసినట్టే చూసింది. ఆమె పెదవి చివర ఏదో కదిలింది. "అలుస్తయి మరి, పాపం" అని మెల్లగా దిగింది.

బావ వచ్చి, బండి నిలిపి, నా రేడియేటర్ పక్కన కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఆయన గొంతు బాగా తగ్గించి, కులవిద్య అప్పగిస్తున్న గురువులా చెప్పసాగాడు.

"నీళ్లు అలుసుడేంది సురేశ్? గట్లనొద్దు, దొరికిపోతవు. ఒకపారి గరమను. ఒకపారి ప్లగ్గను. ఒకపారి ఏమనకుంట చెట్టు దిక్కు పో, మగోళ్లకు గా సౌలతున్నది. ఎక్కుట్ల తక్కువ ఆపు, దిగుట్ల ఎక్కువ ఆపు, దిగుట్లనే మోకాళ్లకు జోరు పడ్తది."

"అట్లనే బావా."

అవతల నుంచి వదినె కేక వినిపించింది. "ఏందిరా గుసగుసలు? ఇద్దరు కలిసి ఉన్న బండిని ఖరాబ్ చేస్తున్నరా?"

"లేదక్కా, సూస్తున్నం!"

"నిమ్మలంగ సూడుర్రి. నాకేం తొందర లేదు."

అని ఆమె కల్వర్టు గోడ మీద కూర్చుని, చెప్పులు విడిచి, కాళ్ళు రెండూ ముందుకు చాపి, అడవి మీంచి వస్తున్న గాలికి ముఖం పెట్టింది.